గడి గోడకు రెండు గూటాలు

మట్టి గోడకు మేకు నిలవదు. కొట్టిన రోజు నిలిచినట్టే ఉంటుంది. కొన్నాళ్ళకు చుట్టూ మట్టి పొడిపొడిగా రాలి, వేలితో ఊపితే ఊగుతుంది. చిన్న దేవుడి పటమైతే ఫరవాలేదు. మనిషంత ఎత్తున్న పటం, టేకు చట్రం, మందపు అద్దం అయితే మాత్రం దాని కింద కూర్చున్నవాళ్ళు పైకి చూసుకుంటూనే కూర్చోవాలి.

ఈ మాట నాకు చెప్పింది మా మామ, నా భర్త తండ్రి. ఆయనది వడ్ల పని. బండ్లు, నాగళ్ళు, తలుపులు చేసేవాడు. పొద్దున బయలుదేరితే మధ్యాహ్నానికి జనగామ చేరేంత దూరంలో ఉండేది మా ఊరు. ఆ ఊరి దొర గడిలో కొయ్య పని ఏదున్నా మా ఇంటివాళ్ళే వెట్టికి చెయ్యాలి. నేను మానుకోట వైపు నర్సింహులపేట దగ్గరి పిల్లను. ఆ ఇంటికి కోడలిగా వచ్చేటప్పటికే గడి సావడిలో పెద్ద పటం ఉంది. దొర తండ్రిది. నల్ల కోటు, తలపాగా, చేతిలో వెండి పొన్ను కర్ర. పట్నం నుంచి రైల్లో జనగామ స్టేషనుకు వచ్చి, అక్కడి నుంచి గడ్డి పరిచిన బండిలో ఊరికి వచ్చిందట. గోడకు ఎక్కించింది మామే.

ఎట్లా ఎక్కించాడో ఎన్నోసార్లు చెప్పాడు. ముందు గోడ అవతల ఏముందో చూసుకోవాలి. సావడి గోడకు అవతల ధాన్యం కొట్టు. ఇనుప సలాకతో గోడను ఆరపార తొలిచి, సండ్ర కొయ్య గూటాన్ని సావడి వైపు నుంచి దూర్చాడు. కొట్టులోకి తేలిన కొసకు బెజ్జం పెట్టి, అందులో సీల దిగ్గొట్టాడు. బండి చక్రం ఇరుసు నుంచి జారకుండా కొట్టే సీల లాంటిదే. సీల గోడ మట్టిని కోయకుండా మధ్యలో ఒక పలక. ఇట్లాంటి గూటాలు పైన రెండు, కింద రెండు. కిందివాటి మీద అడ్డంగా ఒక పట్టె. పటం బరువంతా ఆ పట్టె మీద కూర్చోవాలి. పై గూటాలకు పటం వెనక ఉన్న ఇనుప కడియాలు తగిలించేది అది ముందుకు పడకుండా ఉండడానికే. బరువు పై గూటాల మీద వేస్తే ఎంత గట్టి కొయ్య అయినా ఎప్పుడో ఒకప్పుడు తల వంచుతుంది.

దొరల పటానికి ఇంకో పద్ధతి ఉండేది. దేవుడి పటం గోడకు ఆనుకుని ఉండొచ్చు. దొరల పటం పై అంచు జానెడు ముందుకు వంగాలి. కింద చేతులు కట్టుకుని నిలబడినవాడు తల ఎత్తితే పటంలో మనిషి వాడినే చూస్తూ ఉండాలి. ఆ వంపు వల్లనే పని కష్టం. పటం ఎప్పుడూ ముందుకు పడదామనే చూస్తుంది.

దొరల వెట్టికి ఎదురు తిరిగిన సంగం మా ఊరికి వచ్చిన తర్వాత ఒక ఎండాకాలం చివర దొర కుటుంబాన్ని తీసుకుని పట్నం వెళ్ళిపోయాడు. ఊరు గడి మీదికి నడిచింది. ధాన్యం పంచుకున్నారు. కాగితాలు కుప్ప పోసి కాల్చారు. ఇంటి మీద గడ్డి కూడా లేనివాళ్ళు గడి పెంకులు పీక్కుపోయారు. నా భర్త అప్పటికే సంగంలో ఉన్నాడు, చేతిలో గుత్ప కర్రతో ముందు వరసలో నడిచాడు. ఎవరో పటం మీదికి రాయి ఎత్తితే మామ అడ్డం పోయాడు. కింద మనుషులున్నారు, అద్దం పడితే మెడలు తెగుతాయి, ఎక్కించింది నేనే, దించేదీ నేనే అన్నాడు. తండ్రీ కొడుకూ చెరో పక్క పట్టి దించారు. పొయ్యిలోకి పనికొస్తుందని అందరూ అన్నారు. మామ దాన్ని బండి మీద వేసుకుని మా కొట్టంలోకి తెచ్చాడు.

నా భర్తకు అది నచ్చలేదు. దొర ఇంటి వస్తువు మనింట్లో ఎందుకన్నాడు. గొడ్డలి కూడా తెచ్చాడు.

మామ గొడ్డలి పట్టుకుని ఆపాడు. “బొమ్మ దొరది. కొయ్య ఎవరిదిరా? అడివిది. గిసొంటి టేకు మల్ల మనకు దొరుకుతదా? నీ ఇంటికి తలుపు జేస్త, ఆగు.”

తలుపు చెయ్యలేదు. రేపు కోస్తా, ఎల్లుండి కోస్తా అంటూ చట్రం మూలల దగ్గర కూర్చుని చూసేవాడు. ఆ నాలుగు మూలల్లో కొయ్యలు ఎట్లా కలిశాయో వేలు పెట్టి తడిమినా తెలిసేది కాదు. ఎవరో తనకన్నా మంచి పనివాడు చేశాడని, దాన్ని కొయ్యడానికి చెయ్యి రావడం లేదని అనేవాడు. మా అత్త ఆ పటం ముందు నుంచి పేడ గంప పట్టుకుని పోతూ రోజూ ఒక మాట విసిరేది. “దొర అయ్య మనింట్ల కొత్తల్లునోలె కూసున్నడు. బువ్వ వెట్టుడొక్కటే తక్కువ.”

మా ఇంట్లో అద్దం ఉండేది కాదు. బొట్టు నీళ్ళ గాబులో చూసి పెట్టుకునేదాన్ని. ఒక పొద్దున కొట్టం ఊడుస్తుంటే పటం అద్దంలో, ఆ నల్ల కోటు మీద, నా ముఖం కనిపించింది. చీపురు పట్టుకుని అట్లాగే నిలబడ్డాను. వెనక నుంచి నా భర్త వచ్చి నా భుజం మీదుగా తొంగి చూశాడు. ఇద్దరి ముఖాలూ ఆ కోటులో పక్కపక్కన ఉన్నాయి. ఆయన నవ్వి, దొర కడుపులో మనమున్నామన్నాడు. ఆయనకు ఫోటో ఏనాడూ లేదు. ఆయన ముఖం అద్దం వెనక చూసింది ఆ ఒక్కసారే.

ఆ వానాకాలం పోయేసరికి మిలిటరీ వచ్చింది. మిలిటరీ వెనక దొర వచ్చాడు. ఇల్లిల్లూ వెతికారు. ఎవరింట్లోనూ గడి సొమ్ము దొరకలేదు. ఊరివాళ్ళు ధాన్యం అప్పటికే తినేశారు, కొయ్య కాల్చుకున్నారు, పెంకుల మీద తమ గుర్తులు గీసుకున్నారు. మా కొట్టంలో మాత్రం పటం చెక్కు చెదరకుండా, పైన పాత గొంగడి కప్పుకుని నిలబడి ఉంది. మామ దాన్ని అంత భద్రంగా ఉంచాడు.

గొంగడి లాగి, ఇది ఎవరు తెచ్చారని అడిగారు. మామ నోరు తెరిచేలోపలే నా భర్త ముందుకొచ్చాడు. “నేనే తెచ్చిన. మా బాపుకు ఎర్కలేదు.”

ఆయనను తీసుకుపోయారు. పటాన్ని కూడా తీసుకుపోయారు. పటాన్ని మాత్రం నలుగురు జాగ్రత్తగా మోశారు.

క్యాంపు జనగామ బాట మీద బియ్యం మిల్లులో పెట్టారు. అత్తా నేనూ రోజు విడిచి రోజు జొన్న గటకా, చింతపండు తొక్కూ కట్టుకుని పోయేవాళ్ళం. లోపలికి రానిచ్చేవాళ్ళు కాదు. పేరు అడిగేవాళ్ళు. మొగుడి పేరు నోట పలకడం మాలో లేదు కాబట్టి అత్తే చెప్పేది. సిపాయి గిన్నె లోపలికి తీసుకుపోయి కాసేపటికి ఖాళీ గిన్నె తెచ్చి ఇచ్చేవాడు. గిన్నె అడుగు తుడిచినట్టు ఉండేది. కొడుకు ఆకలిగా తింటున్నాడని దారంతా అత్త చెప్పేది. నేను గిన్నెను ఒళ్ళో పట్టుకుని నడిచేదాన్ని.

అట్లా ఉండగా దొర మామను పిలిపించాడు. నేనూ వెంట పోయి అరుగు కింద నిలబడ్డాను. గడికి కొత్త పెంకులు ఎక్కిస్తున్నారు. దొర కుర్చీలో కూర్చుని మామూలుగానే మాట్లాడాడు. పటం మునుపు ఎట్లా ఉండేదో అట్లా ఎక్కించమన్నాడు. వచ్చే వారం మిలిటరీ ఆఫీసరు భోజనానికి వస్తాడు, ఆ పటం కిందనే కూర్చోబెట్టి నీ కొడుకు సంగతి చెప్తాను, నా మాట తీసెయ్యడు అన్నాడు.

మామ సావడిలోకి పోయి గోడ మీద అరచెయ్యి పెట్టాడు. కప్పు లేని గడిలో ఒక వానాకాలమంతా ఆ గోడ తడిసింది. పాత గూటాలు ఎవరి పొయ్యిలోకో పోయాయి, వాటి బెజ్జాలు కరిగి పిడికిలి పట్టేంత అయ్యాయి. బయటికి వచ్చి తలకు చుట్టిన తువ్వాల తీసి చేతిలో పట్టుకున్నాడు.

“గోడ పచ్చిగుంది దొరా. జర ఎండనియ్యుండ్రి.”

“గోడ ఎండేదాంక నీ కొడుకు ఆగుతడా?” అన్నాడు దొర.

ఆ రాత్రి మామ అన్నం ముట్టలేదు. తెల్లారి గొడ్డలి తీసుకుని కొట్టం అటక మీది సండ్ర మొద్దు దించాడు. భూపాలపల్లి అడవి నుంచి రేగొండ మీదుగా బండి కట్టుకుని తండ్రీ కొడుకులే తెచ్చిన మొద్దు అది, ఇరుసుల కోసం దాచింది. దాన్ని చీల్చి గూటాలు చెక్కాడు. అవతలి పట్టు పట్టడానికి ఒక మనిషి కావాలి. ఊళ్ళో మగవాళ్ళు కొందరు మిల్లులో ఉన్నారు, కొందరు అడవిలో ఉన్నారు, మిగిలినవాళ్ళు పిలిస్తే ముఖం తిప్పుకున్నారు. నేను వస్తానన్నాను. మామ సలాక నా చేతికిచ్చాడు.

బాయి కాడ ఆ కబురు ముందే చేరింది. భర్త అడవిలో ఉన్న ఒక అక్క, నేను బొక్కెన వేస్తుంటే అందరూ వినేలా అంది. “ఏమే వడ్లోళ్ల కోడలా, దించిన చేతులే ఎక్కిస్తున్నయట గద. సీలలు గట్టిగ కొట్టుమను మీ మామను. దొర అయ్యకు నడుం నొయ్యద్దు.”

నేను తాడు లాగుతూ ఉండిపోయాను. బదులు చెప్పింది మా అత్త. “నీ మొగడు అడివిల ఉన్నడు, ఉరుకుతడు. నా కొడుకు మిల్లుల ఉన్నడు. నువ్వయితె ఏం జేస్తువే?”

ఆ అక్క నా బిందె ఎత్తి నా తల మీద పెట్టి పోయింది.

తడి గోడతో చిక్కేమిటో పని చేస్తూ మామ చెప్పాడు. ఎండు కొయ్యను పచ్చి గోడలో దిగేస్తే కొయ్య తడి తాగి ఉబ్బి బిగుసుకుంటుంది. గోడ ఎండినప్పుడు కొయ్య కూడా ఎండి సన్నబడి వదులవుతుంది. ఆ సందు ముందే పూడ్చాలి. సున్నం, ఇటుక పొడి కలిపి బెల్లం నీళ్ళతో నన్ను నూరమన్నాడు. చేతులు పుండ్లు పడేదాకా నూరాను. ఆ ముద్దను గూటం చుట్టూ సలాక కొనతో కూరాడు, కూరి దిగ్గొట్టి మళ్ళీ కూరాడు. నేను ధాన్యం కొట్టులో నిలబడి గూటం కొస గోడలోంచి రావడం చూసి కేక వేసేదాన్ని. అప్పుడు ఇటు వచ్చి పలక పెట్టి, సీల కొట్టేవాడు. ఒక్కో దెబ్బకూ గొంతులో ఏదో అనుకునేవాడు. కొడుకు పేరు అనుకుంటున్నాడని కాసేపటికి నాకు అర్థమైంది.

గూటాలు ఆరడానికి ఉంచి, మూడో నాడు పోయాం. మామ పై గూటాలు రెండూ రెండు చేతులతో పట్టుకుని, కాళ్ళు ముడిచి గోడకు వేలాడాడు. ముసలి మనిషి, పంచె జారిపోతుంటే, కళ్ళు మూసుకుని అట్లాగే ఉండిపోయాడు. దిగమంటే దిగడు. ఊపిరి అందక వదిలి కిందికి వచ్చాక అన్నాడు, “నన్ను ఆపినై బిడ్డా. దొర అయ్యను గూడ ఆపుతయి.”

దూలం మీదుగా మోకు వేసి పటాన్ని పైకి లాగాం. మామ నిచ్చెన మీద, నేను కింద మోకు నడుముకు చుట్టుకుని. పటం నా ముఖం ముందు నుంచి పైకి పోతుంటే అద్దంలో చూశాను. నల్ల కోటు మీద నేనొక్కదాన్నే ఉన్నాను. కడియాలు గూటాలకు ఎక్కాయి, అడుగు పట్టె మీద కూర్చుంది. దొరసాని వచ్చి కింద నిలబడి, ఇంకొంచెం వంగాలని అంది. మామ కడియాలకు తాళ్ళు కట్టి వంపు పెంచాడు. ఆమె తల ఊపింది.

ఆఫీసరు వచ్చిన నాడు నాకు నీళ్ళ పని పడింది. సావడి గడప దగ్గర చెంబు పట్టుకుని నిలబడ్డాను. ఆయన దొరతో వేరే భాషలో మాట్లాడాడు, నాకు ముక్క తెలియలేదు. పటం కిందనే కూర్చోబెట్టారు. దొర చెప్పినట్టే జరుగుతోందని అనుకున్నాను. తినేటప్పుడు దొర పటం వైపు చెయ్యి చూపి ఏదో చెప్పాడు. ఆఫీసరు తల ఎత్తి చూసి, నవ్వి, మళ్ళీ విస్తరి వైపు వంగాడు.

వాకిట్లో బండి చక్రానికి ఆనుకుని మామ కూర్చున్నాడు. నేను పోగానే లేచాడు. “చెప్పిండా?”

“ఏందో చెప్పిండు మామా. పటం దిక్కు చెయ్యి చూపిచ్చిండు.”

“గదే. గదే చెప్పి ఉంటడు.”

ఇంటికి పోతూ ఇద్దరం అదే మాట అనుకుంటూ పోయాం. కొడుకు వస్తాడని అత్త వాకిలి అలికింది. తర్వాత కూడా రోజు విడిచి రోజు మిల్లుకు పోతూనే ఉన్నాం. పేరు అడుగుతూనే ఉన్నారు. గిన్నె ఖాళీగా వస్తూనే ఉంది.

ఒక మధ్యాహ్నం మరిపెడ వైపు మనిషి ఒకతను ఇల్లు వెతుక్కుంటూ వచ్చాడు. తల గొరిగి ఉంది, నడక కుంటుతోంది. నా భర్తతో పాటు మిల్లులో ఉండి విడుదలైనవాడు. అరుగు మీద కూర్చోమంటే కూర్చోలేదు. నిలబడే చెప్పాడు. కొందరిని లారీలో ఎక్కించుకుని భూపాలపల్లి అడవి వైపు పోయారని, లారీ ఖాళీగా తిరిగి వచ్చిందని, మా ఆయన కూడా అందులో ఉన్నాడని. అత్త ముందు అర్థం చేసుకోలేదు. మరి గిన్నె ఎవరు తింటున్నారు అని అడిగింది. అతను తల వంచుకుని, సిపాయిలు తింటారవ్వా అన్నాడు.

మామ ఒక్కటే అడిగాడు, ఎప్పుడు అని. ఆ మనిషి తడుముకుని చెప్పాడు. గడికి పెంకులు పోయే బండ్లు మిల్లు ముందు నుంచి పోవడం మొదలు కాకముందే అన్నాడు. పెంకులు ఎక్కిస్తుండగానే దొర మామను పిలిపించింది. అప్పటికే అంతా అయిపోయింది.

“దొరకు తెల్వదేమో,” అన్నాను నేను. ఏదో ఒకటి అనాలని అన్నాను.

మామ నా వైపు చూశాడు. “మిల్లు ఎవరిది బిడ్డా? దొరదేనాయె.”

శవం లేదు. తిథి తెలియదు. ఏ రోజున కర్మ చెయ్యాలో చెప్పేవాళ్ళు లేరు. అత్త చాలా కాలం నా గాజులు తియ్యనివ్వలేదు. తర్వాత తనే తీసింది.

ఊళ్ళో ఎవరూ మమ్మల్ని ఎగతాళి చెయ్యలేదు. అయితే అందరూ ఒకదాని కోసం కనిపెట్టుకుని ఉన్నారని మాకు తెలుసు. సీలలు ధాన్యం కొట్టులో ఉన్నాయి. కోతలప్పుడు ధాన్యం పోసే గుమ్ముల తలుపులు బాగుచెయ్యడానికి మామ ఆ కొట్టులోకి పోతాడు. సీల పీకి, గూటం కొస మీద వెనక నుంచి దెబ్బ వేస్తే చాలు. అత్త పైకే అంది. “పీకు. ఆ ముసలి దొర నేల మీద పడంగ నా చెవులతోని ఇనాలె.”

మామ పోయాడు. నేను గుమ్మం దగ్గర నిలబడి కావలి కాశాను, సావడిలో ఎవరూ లేరని చెప్పాను. ఆయన సీలలు పీకాడు. సుత్తెకు గుడ్డ చుట్టి గూటం కొసను కొట్టాడు. కదల్లేదు. ఇంకా గట్టిగా కొట్టాడు. గోడ ఎండింది. సున్నం, బెల్లం, ఇటుక రాయిలా పట్టేశాయి. కొయ్యకూ గోడకూ మధ్య గోరు దూరే సందు లేదు. ఆయన చొక్కా తడిసిపోయింది. చివరికి సుత్తె కింద పెట్టి, గూటం కొస మీద నుదురు ఆనించి నిలబడ్డాడు. కొంతసేపటికి సీలలు మళ్ళీ ఎక్కడివక్కడ దిగ్గొట్టాడు. అలవాటు చొప్పున చేశాడో, ఎవరికన్నా తెలుస్తుందని చేశాడో నేను అడగలేదు.

అత్త వాకిట్లో కూర్చుని చెవులు రిక్కించి ఉంది. చప్పుడు రాలేదు.

మామ ఆ తర్వాత కూడా బండ్లు చేశాడు గాని పటం ఎవరిదీ ఎక్కించలేదు. పెళ్ళి ఫోటో కట్టించుకున్నవాళ్ళు వచ్చి అడిగినా, చెయ్యి వణుకుతుందని చెప్పేవాడు. ముందు అత్త పోయింది, తర్వాత ఆయన పోయాడు. నేను కూలికి పోయాను. నాట్లు, కలుపు, కోతలు. పుట్టింటివాళ్ళు తమ దగ్గరికి రమ్మన్నారు. ఏ మొహం పెట్టుకుని పోను అనుకున్నాను, పోలేదు.

నా జుట్టు సగం నెరిసేసరికి దొర పిల్లలు గడిని వదిలేశారు. పటాన్ని పట్నం తీసుకుపోయారు. కడియాలు విప్పడానికి ముగ్గురు మనుషులు పూటంతా తంటాలు పడ్డారట. ఖాళీ గడిలో పెద్దవాళ్ళకు చదువు చెప్పడానికి పొద్దుగూకే వేళ బడి పెట్టారు. చదువు చెప్పే పిల్ల జనగామ నుంచి బస్సులో వచ్చేది. కూలి నుంచి వచ్చి కాళ్ళు కడుక్కుని నేనూ పోయాను. ఎందుకు పోయానో చెప్పలేను. ఇంట్లో కూర్చుని చేసేదేమీ లేదు.

సావడిలోనే బడి. నల్ల బల్ల పెట్టడానికి స్టాండు లేదు. ఆ పిల్ల గోడ చూసి, అబ్బ, ఇక్కడ మంచి గూటాలున్నాయే అని రెండు తాళ్ళతో బల్లను వాటికి తగిలించింది.  పాత మనుషులు నలుగురం ఉన్నాం, మిగతా ముగ్గురూ నా వైపు చూశారు. నేను ఆ పిల్ల చూపిన చోట కూర్చున్నాను.

అక్షరాలు నాకు ఆలస్యంగా పట్టుబడ్డాయి. గుణింతాలు వచ్చాక ఒక రోజు ఆ పిల్ల ఒక్కొక్కరినీ లేపి ఇంట్లోవాళ్ళ పేర్లు రాయమంది. నా వంతు వచ్చింది. సుద్ద ముక్క తీసుకుని గూటాల కింద నిలబడ్డాను. నోటితో ఏనాడూ పలకని పేరు అది. మిల్లు ముందు కూడా పలకలేదు. ఒక్కో అక్షరం రాస్తూ బల్లను గట్టిగా నొక్కాను. చేతి బరువంతా వేశాను. బల్ల ఊగలేదు. గూటాలు కిర్రుమని కూడా అనలేదు.

“బాగ రాసినవ్ పెద్దమ్మా,” అంది ఆ పిల్ల. “ఎవరు?”

నేను చెప్పలేదు. ఆమె కూడా ఆగలేదు. వెనక ఇంకా చాలామంది ఉన్నారు. తడిగుడ్డ తీసుకుని బల్ల తుడిచి, తర్వాతి ఆమెను పిలిచింది.